ప్రేమ పుట్టే వరకు కీబోర్డు మూసేయాలా?

ప్రశ్న: నా వయసు 27. పదో తరగతి నుంచి మా సంఘంలో కీబోర్డు వాయిస్తున్నాను. నాన్నగారు ఫీజు కట్టి ఒక మాస్టారి దగ్గర నేర్పించారు. ఈ మధ్య పాస్టరు గారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం చెబుతూ, ప్రేమ లేకుండా వాడే వరం వట్టిదన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆరాధన అయ్యాక ఎవరైనా "బాగా వాయించావు" అంటేనే నాకు తృప్తి. ఎవరూ అనకపోతే ఆ రోజంతా చిరాకు. మా సంఘంలో పదహారేళ్ల అబ్బాయి ఒకడు ఫోనులో చూసి వాయించడం నేర్చుకుంటున్నాడు. గురువు లేకుండానే నాకంటే త్వరగా పట్టేస్తున్నాడు. ఒక పాటకు కార్డ్స్, అంటే కలిపి నొక్కాల్సిన స్వరాలు, చెప్పమని అడిగితే కావాలనే రెండు తప్పు చెప్పాను. యవ్వనస్థుల కూడికలో అతడు అవే వాయించి అందరి ముందు తడబడ్డాడు. కొత్తగా రిథమ్ ప్యాడ్లు కొన్నాక పాటలు ఊపుగా సాగుతున్నాయని కుర్రాళ్లు సంతోషిస్తున్నారు. ముందు వరుసలో కూర్చునే పెద్దమ్మలు మాత్రం ఇప్పుడు అంతగా పాడటం లేదు. నాలో ప్రేమ లేదని నాకే తెలుస్తోంది. అది పుట్టే వరకు వాయించడం మానేయాలా? అసలు డబ్బు కట్టి నేర్చుకున్నది కృపావరం అవుతుందా? బయటి సభల్లో వాయించినందుకు డబ్బు తీసుకోవడం తప్పా?

జవాబు:

సహోదరా, మానేయకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగిలినవి స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

మీ పాస్టరు గారు చెప్పింది వాక్యమే. అయితే ఆ వాక్యం ఎవరికి అందిందో కూడా చూడండి. అపొస్తలుడైన పౌలు గ్రీసులోని కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టుకుంటూ అక్కడ సంఘాన్ని నిలబెట్టాడు. తరువాత ఎఫెసులో ఉండగా, క్రీ.శ. 55 ప్రాంతంలో, వాళ్లకు ఈ పత్రిక రాశాడు. "ఏ కృపావరమునందును లోపము లేక" ఉన్నారని మొదటి అధ్యాయంలోనే వాళ్లను గురించి అంటాడు. అంత వరాలున్న సంఘంలో ఒకరు నేను పౌలువాడినంటే, ఇంకొకరు నేను అపొల్లోవాడినన్నారు. ఒకరి మీద ఒకరు న్యాయస్థానాలకు ఎక్కారు. ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో కూర్చుంటే మరొకడు తాగి మత్తులో ఉన్నాడు. మీ సంఘం, మా సంఘం ఎంత చెడినా అంతవరకు వెళ్లి ఉండవు.

అలాంటివాళ్లకు పౌలు ఏమి చెప్పాడు? మీకు ప్రేమ లేదు కాబట్టి కొన్నాళ్లు వరాలన్నీ కట్టిపెట్టండి అనలేదు. 13వ అధ్యాయం ముగిసిన వెంటనే 14వ అధ్యాయం మొదటి వచనం చదవండి: "ప్రేమ కలిగియుండుటకు ప్రయాసపడుడి. ఆత్మసంబంధమైన వరములను ఆసక్తితో అపేక్షించుడి." రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ముందు ఒకటి సంపాదించుకుని, అది పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టమనే వరుస అక్కడ లేదు. ప్రేమ కోసం ప్రయాసపడాలి, ఆ ప్రయాస కూడా వరం వాడుతూనే పడాలి. కీబోర్డు మూసేసి గదిలో కూర్చుంటే మీకు ప్రేమించడానికి ఎవరు దొరుకుతారు?

13వ అధ్యాయంలోనే మూడో వచనం దగ్గర కొంచెం ఆగండి. "బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను... ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు" అంటాడు పౌలు. బీదలకు ప్రయోజనం లేదని ఆయన అనలేదు. ప్రేమ లేనివాడు పంచిన అన్నంతో కూడా ఆకలిగొన్నవాడి కడుపు నిండుతుంది. నష్టపోయేది ఇచ్చినవాడు. మీరు చిరాకుతో వాయించిన ఆదివారాల్లో కూడా ఎవరో ఒకరు ఆ పాట పాడుకుంటూ కళ్లు తుడుచుకునే ఉంటారు. దేవుడు మీ మనసు బాగుపడేదాకా ఆగకుండానే వాళ్లను ఆదరించాడు. ఫిలిప్పీ పత్రికలో పౌలు చెరసాల నుంచి రాస్తూ, కొందరు అసూయతో, కలహబుద్ధితో క్రీస్తును ప్రకటిస్తున్నారని తెలిసి కూడా, ఎలాగైనా క్రీస్తు ప్రకటించబడుతున్నాడు కాబట్టి సంతోషిస్తున్నానన్నాడు. వాళ్ల అసూయ మంచిదని ఆయన అనలేదు. అసూయపరుడి చేతిలో కూడా సువార్త చెడిపోదని చెప్పాడు.

కాబట్టి మీరు మానేస్తే నష్టం రెండు వైపులా జరుగుతుంది. సంఘం పాట కోల్పోతుంది, మీరు ప్రేమ నేర్చుకునే చోటును కోల్పోతారు. ఇంకో మాట కూడా చెప్పాలి. మానేయాలన్న ఆలోచనలో కొంత భాగం, "అయ్యో, ఎందుకు మానేశావు బాబూ" అని నలుగురూ వచ్చి అడగాలన్న ఆశ కావచ్చు. మీ విషయంలో అలా అవునో కాదో నాకు తెలియదు. మీరే ప్రార్థనలో చూసుకోండి.

ఇక, "నాలో ప్రేమ లేదు" అన్నారు. పౌలు ప్రేమను ఎలా వర్ణించాడో చూడండి. దీర్ఘకాలం సహిస్తుంది, దయ చూపిస్తుంది, మత్సరపడదు, డంబంగా ప్రవర్తించదు, అమర్యాదగా నడవదు, స్వప్రయోజనం చూసుకోదు, త్వరగా కోపపడదు. గుండె పొంగిపోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. అన్నీ పక్కనున్న మనిషితో నడుచుకునే తీరు గురించే. మీరు మీలో ఒక అనుభూతి కోసం వెతుక్కుని, కనబడక భయపడుతున్నారు. నేనైతే మీ ఉత్తరంలో మనుషుల కోసం వెతికాను. రెండు చోట్ల కనబడ్డారు: ముందు వరుసలోని పెద్దమ్మలు, ఆ పదహారేళ్ల అబ్బాయి. మీకు ప్రేమ మొదలయ్యేది అక్కడే.

ముందు పెద్దమ్మల సంగతి. మీ ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ ఒక్క వాక్యం. దాన్ని మీరు వేరే విషయం చెబుతూ మధ్యలో రాసి వదిలేశారు. ఆ వరుసలో కూర్చునేవాళ్లలో చదువు రానివాళ్లు ఉంటారు. వాళ్లకు పాటల పుస్తకం అక్కర్లేదు, కీర్తనలు చరణాలతో సహా కంఠతా వచ్చు. వాళ్లు నేర్చుకున్న నడక నిదానం. చరణం చివర ఒక సాగదీత ఉంటుంది, అక్కడ ఊపిరి తీసుకుంటారు. ప్యాడ్ల తాళం ఆ ఊపిరికి చోటివ్వదు. యవ్వనస్థుల గొంతుకు సరిపోయే స్కేలులో పల్లవి ఎత్తుకుంటే అనుపల్లవి దగ్గరికి వచ్చేసరికి డెబ్భై ఏళ్ల గొంతు అందుకోలేదు. ఒకటి రెండు వారాలు ప్రయత్నిస్తారు, తరువాత చప్పట్లు కొడతారు, ఆ తరువాత పెదవులు కదుపుతూ కూర్చుంటారు. ఎవరికీ ఫిర్యాదు చేయరు. "పిల్లలు బాగా వాయిస్తున్నారు" అనే అంటారు.

ఈ ఆదివారం ఒక్క పాటకు ప్యాడ్లు ఆపండి. పాత కీర్తన తీసుకుని స్కేలు ఒకటి రెండు మెట్లు దించండి. పాట ఎత్తుకోవడం వాళ్లకే వదిలేసి, మీరు వాళ్ల వెనక నడవండి. రెండో చరణం దగ్గర శబ్దం బాగా తగ్గించి, సంఘం గొంతు మీ చెవికి వినబడుతోందో లేదో చూడండి. వినబడకపోతే మీరు ఇంకా ఎక్కువగా వాయిస్తున్నారన్నమాట. ఊపుగా సాగే పాటలు తప్పని నేను అనడం లేదు. కుర్రాళ్ల సంతోషం కూడా సంతోషమే, వాళ్ల పాటలు వాళ్లకు ఉండాలి. ఆరాధనలో ఒక్క పాటైనా ఆ ముందు వరుస పూర్తిగా పాడగలిగేది ఉండాలి, అంతే.

పౌలు 13వ అధ్యాయాన్ని మొదలుపెట్టిందే వాద్యాలతో. "మ్రోగెడు కంచును గణగణలాడు తాళమునై యుందును" అన్నాడు. కొరింథు కంచుకు ఆ రోజుల్లో పెద్ద పేరు. ఆ మాట విన్నవాళ్లకు కంచు మోత బాగా తెలుసు. వాద్యకారుడిగా ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది: కంచు ఎంత గట్టిగా మోగినా దాని మీద పాట పలకదు. తరువాతి అధ్యాయంలో ఆయనే, సంఘంలో ఎవరికీ అర్థంకాని భాషతో పదివేల మాటలు పలకడం కంటే ఇతరులకు బోధ కలిగేలా అయిదు మాటలు పలకడం మేలంటాడు. ఎంత వాయించామన్నది ఆయన లెక్కలోకి రాలేదు, ఎదుటివాడికి ఎంత అందిందో అదే ఆయన చూశాడు. యొప్పేలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు పేతురు వస్తే, విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. ఆమె కుట్టు ఎంత నాణ్యమైనదో, ఆ సంగతి రాసిన లూకా ఒక్క మాటా రాయలేదు. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో రాశాడు.

డబ్బు కట్టి నేర్చుకున్నది కృపావరమా అని అడిగారు. పౌలు రాసిన వరాల పట్టికలో సంగీతం లేదు, నిజమే. కానీ నిర్గమకాండం 31వ అధ్యాయంలో బెసలేలు ఉన్నాడు. బంగారంతో, వెండితో, ఇత్తడితో పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కొయ్య మలచడానికి దేవుడు అతణ్ని తన ఆత్మతో నింపానని చెప్పాడు. ఆ పనులేవీ చేతికి సాధన లేకుండా వచ్చేవి కావు. నేర్చుకున్నంత మాత్రాన దేవుడిచ్చింది కాకుండా పోదు. మీ చెవి మీరు కొన్నది కాదు. మీ కోసం ఫీజు కట్టిన తండ్రిని కూడా మీరు సంపాదించుకోలేదు.

మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ యువకుడిగా ఉన్నప్పుడు తన దేశంలో భూమి సర్వే పని నేర్చుకున్నాడు. అది పొట్టకూటి విద్య. దాన్ని వరమని ఎవరూ అని ఉండరు. 1876-78 నాటి మహా కరువులో మన జనం ఆకలితో చచ్చిపోతుంటే, ఆయన ఆ విద్యతోనే బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలాదిమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న పరిస్థితి రాకూడదని ఆపాడు. సహాయం ముగిశాక, 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది, ఆకలితో ఉన్నవాడి అవసరాన్ని తన లెక్క పెంచుకోవడానికి వాడుకోకుండా ఆయన ఆగిన ఆ నెలలు.

డబ్బు సంగతి. తీసుకోవడం తప్పు కాదు. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అన్నది ప్రభువే. ప్రయాణం ఖర్చులు, రాత్రి నిద్ర పోగొట్టుకుని మర్నాడు ఉద్యోగానికి వెళ్లడం, ఇవన్నీ పిలిచేవాళ్లు గమనించాల్సినవి. ఒక్కటి మాత్రం చూసుకోండి: మీకిచ్చే డబ్బు చూసి, ఏమీ ఇవ్వలేని ఇల్లు మిమ్మల్ని పిలవడానికే జంకుతుంటే, ఆ ఇంటికి మీరే వెళ్లాలి.

పొగడ్త మీద ఆకలి గురించి రాశారు. అది ఒక్క ప్రార్థనతో పోయేది కాదు, పోయిందని మోసపోకండి కూడా. ఎవరైనా మెచ్చుకుంటే "దేవునికి మహిమ" అని పైకి అని, లోపల లెక్కపెట్టుకోవడం మనందరికీ అలవాటే. అంతకంటే మెచ్చుకున్నవాళ్లకు ధన్యవాదాలు చెప్పి ఊరుకోవడం నయం. దానికి మందు ఏమిటంటే, చప్పట్లు ఉండని చోట వాయించడం. ఆదరణ కూడికల్లో వాయించండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరూ "భలే వాయించావు" అనరు. మీ సంఘంలో మంచాన పడి మందిరానికి రాలేని వాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. చిన్న కీబోర్డు తీసుకుని ఒక సాయంత్రం వెళ్లి, ఆ మనిషికి ఇష్టమైన పాట ఏదో అడిగి అదే వాయించండి. ఫోటో తీయించుకోకండి. స్టేటస్‌లో పెట్టకండి. నెలకొకసారి ఇలా చేస్తే, ఆదివారం ఎవరూ ఏమీ అనకపోయినా ఇంటికి మామూలుగా వెళ్లగలరు. వెంటనే కాకపోవచ్చు, కానీ వెళ్లగలరు.

ఈ ఆకలిలో సంఘాల తప్పు కూడా ఉందని ఇది చదివే పాస్టర్లకు, సంఘపెద్దలకు చెప్పకుండా ఉండలేను. మైకు పట్టుకున్నవాళ్లను వేదిక మీద నిలబెట్టి శాలువాలు కప్పుతాం. శనివారం సాయంత్రం వచ్చి చాపలు దులిపి, ప్రభువు బల్ల సంస్కారపు గిన్నెలు కడిగి వెళ్లిన స్త్రీ పేరు సంఘంలో సగం మందికి తెలియదు. శరీరంలో ఏ అవయవాలు బలహీనంగా కనబడతాయో అవే మరి అవశ్యం అని వాక్యం అంటుంటే, మనం కనబడేవాటికే ఘనత పెంచి, తరువాత మన పిల్లలకు కీర్తికాంక్ష ఉందని బాధపడతాం.

ఇక ఆ అబ్బాయి. మీ మనసులో అసలు ముల్లు ఇదేనని నాకనిపిస్తోంది.

బెసలేలు గురించి చెప్పాను కదా. అదే నిర్గమకాండం 35వ అధ్యాయంలో, దేవుడు అతనికీ అహోలీయాబుకీ పనితనంతో పాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా పుట్టించాడని ఉంది. చేతి పని ఇచ్చిన దేవుడే నేర్పే మనసూ ఇచ్చాడు. మీ వరంలో సగం మీ వేళ్లలో ఉంది. మిగతా సగం ఆ అబ్బాయి అడిగినప్పుడు బయటికి రావలసింది, మీరు పట్టి ఉంచారు.

అపొస్తలుల కార్యాల్లో బర్నబాను చూడండి. అంతియొకయలో సంఘం పెరుగుతుంటే ఆయన ఒక్కడే పేరు సంపాదించుకునే అవకాశం ఉంది. ఆయన తార్సుకు వెళ్లి సౌలును, అంటే మన పౌలునే, వెతికి తీసుకొచ్చాడు. మొదట్లో లూకా "బర్నబాయు సౌలును" అని రాస్తాడు. పోనుపోను చాలాచోట్ల "పౌలును బర్నబాయు" అవుతుంది. తాను తెచ్చినవాడి పేరు ముందుకు వెళ్లింది. అందుకు బర్నబా నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. తరువాత వాళ్లిద్దరూ విడిపోయారు, అది అంతకుముందు ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కు అనే యువకుణ్ని మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న తగవుతో. అక్కడ కూడా బర్నబా పడిపోయిన కుర్రవాడి పక్షానే నిలబడ్డాడు.

ఆ అబ్బాయి మిమ్మల్ని మించిపోతాడు. మీ ఉత్తరాన్ని బట్టి అది తెలుస్తూనే ఉంది, మీకూ తెలుసు. మీరు నేర్పినా నేర్పకపోయినా మించిపోతాడు. నేర్పితే, అతనికి ఇంకా తెలియనివి మీ దగ్గర ఉన్నాయి: పాడేవాళ్లు దారి తప్పితే ఎలా సర్దుకోవాలి, పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టినప్పుడు ఎక్కడ ఆపాలి, ఏ పాట ఎవరి గొంతుకు ఏ స్కేలులో పడుతుంది. ఇవి ఫోనులో దొరకవు. వారానికి ఒక గంట ఇవ్వండి. కొన్నాళ్లయ్యాక ఉపవాస ప్రార్థనలో ఒక పాట అతనికి అప్పగించి, మీరు లేచి వెళ్లి చాప మీద కూర్చుని పాడండి. మొదటిసారి ఎవరైనా అతణ్ని మెచ్చుకున్నప్పుడు మీకు నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టింది కాబట్టి ప్రేమ లేదనుకోకండి. ఆ నొప్పితోనే తరువాతి వారం కూడా నేర్పండి.

అంతకంటే ముందు ఒక పని ఉంది. ఆ తప్పు కార్డ్స్ సంగతి అతనికి చెప్పాలి. చెప్పకుండా పాఠాలు మొదలుపెడితే, మీరు చేసే మేలు అంతా ఆ తప్పు కప్పిపుచ్చడానికే అవుతుంది. అతడు చెవి ఉన్న పిల్లవాడు. ఏది తప్పో ఈపాటికి కనిపెట్టే ఉంటాడు. ఎందుకు జరిగిందో మాత్రం అతనికి తెలియదు. తనకే రాదేమోనని అనుకుని ఉండవచ్చు, అది ఇంకా అన్యాయం. సంఘం ముందు సాక్ష్యంగా చెప్పకండి, అప్పుడు మళ్లీ అందరి చూపూ మీ మీదే ఉంటుంది. ఆరాధన అయ్యాక వైర్లు చుట్టేటప్పుడు అతడు సాయానికి వస్తాడు కదా, అప్పుడు పక్కకు పిలిచి, "ఆ రోజు నీకు కావాలనే తప్పు చెప్పాను, నువ్వు నాకంటే బాగా వాయిస్తావేమోనని భయపడ్డాను, క్షమించు" అని అనండి. అంతకు మించి వివరించకండి. తరువాత ఆ పాట సరైన కార్డ్స్ కాగితం మీద రాసి చేతికివ్వండి.